మా అత్త వంటను తూచిన ఆమె

మా అత్త వంటను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. చాటున తిట్టుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళలో నేనూ ఒకతెను. కానీ ఆ వంటను తరాజులో పెట్టి తూచి, బరువు కాగితం మీద రాసుకున్న మనిషి మాత్రం ఒక్కతే.

అరవై దశకం మొదటి ఏండ్ల మాట ఇది. మోత్కూర్‌లో మాది నేత ఇల్లు. ముందరి గదిలో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద మా మామ, రెండోదాని మీద నా పెనిమిటి కూర్చునేవాళ్ళు. మరిది వాళ్ళకు నూలు సిద్ధం చేసేవాడు. నేనూ మా అత్తా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. నాకప్పుడు పంతొమ్మిదేండ్లు, ఒళ్ళో ఎనిమిది నెలల ఆడపిల్ల. పెండ్లికి ముందు ఏడో తరగతి దాకా చదివాను కనుక ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టే పని నాదే.

ఒకరోజు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. హైదరాబాదు నుంచి పోషకాహార నిపుణురాలు వస్తున్నారనీ, ఊళ్ళో ఎంచుకున్న ఇండ్లలో మాదీ ఒకటనీ, ఏడు రోజుల పాటు మా వంట తూచి రాసుకుంటారనీ, తర్వాత సలహాలు చెబుతారనీ అందులో ఉంది. "పోషకాహార నిపుణురాలు" అన్న మాటను నేనే రెండుసార్లు కూడబలుక్కున్నాను.

"అంటె ఎవలు?" అని అడిగింది మా అత్త.

"ఏం తినాల్నో చెప్పే ఆమె, అత్తా."

"ఏం తినాల్నో చెప్పనీకి ఒక నౌకరీనా? ఇంట్ల ఉంటె ఎవలన్న తింటరు, లేకుంటె ఎవలు చెప్పినా తినరు."

మగ్గం మీది నుంచి మా మామ అందుకున్నాడు. "తూసి రాసుకపోతరంటె నాకు మంచిగ అనిపిస్తలేదు. ఎనకట లెవీ జమానల గూడ గిట్లనే రాసుకపోయిండ్రు. ఆయెనక బండ్లు తెచ్చి గింజలు గుంజుకపోయిండ్రు."

ఆ మాటతో మా అత్త గుండెలో రాయి పడింది. ఆ సాయంత్రమే జొన్నల బస్తాను ఇద్దరు కొడుకులతో మోయించి, పాత నూలు మూటల వెనక పెట్టించింది. పైన రెండు చినిగిన గొంగళ్ళు కప్పింది. ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా ముందు ఆ గొంగళ్ళనే చూసేవాళ్ళు. అంత శ్రద్ధగా కప్పింది మరి.

అయితే మా అత్తకు భయం ఒక్కటే ఉంటే సరిపోయేది. దానితోపాటు పరువు కూడా ఉండేది. పట్నం నుంచి వచ్చిన ఆమె మా జొన్నరవ్వ గట్క, మిరప తొక్కు చూసి "వీళ్ళు గింతేనా తినేది" అనుకుంటే ఎట్లా? అందుకని బస్తా దాచిన చేత్తోనే పండుగకని ఉంచుకున్న బియ్యం కిందికి దించింది. కోడిని కోయించింది. ఇంట్లో గింజల్లేవని చూపించాలి, ఇంట్లోవాళ్ళు రాజుల్లా తింటున్నారని కూడా చూపించాలి. ఈ రెండూ ఒక్క పొయ్యి మీద ఎట్లా కుదురుతాయని నేను అడగలేదు. కోడలిని.

నిపుణురాలు పొద్దున్నే వచ్చింది. ముప్పై ఏండ్లుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, తెల్ల నేత చీరలో ఉంది. చేతిలో రేకు పెట్టె, పెట్టెలో తరాజూ, రాళ్ళూ, నోటు పుస్తకం. మాట తీరుని బట్టి కృష్ణా జిల్లా వైపు మనిషని తెలిసిపోయింది. ప్రతి మాట చివరా "అండీ" అంటుంటే మా మరిది లోపలికి వచ్చి నవ్వుకుని మళ్ళీ బయటికి పోయేవాడు.

"మీరు రోజూ వండుకునేదే వండుకోండమ్మా. నేనొక మూల కూర్చుని తూచుకుంటాను" అన్నది.

మా మామకు తరాజు అంటే ఊరుకోబుద్ధి కాదు. నూలు తూకంతో బతికిన మనిషి. మగ్గం దిగి వచ్చి, "ముందుగాల నీ తరాజు సరిగున్నదో లేదో సూడాలె బిడ్డా" అన్నాడు. ఆమె ఏమీ అనుకోకుండా "చూడండి బాబాయిగారూ" అంది. ఆయన తన నూలు కట్టను మా తరాజులో తూచాడు, తర్వాత ఆమెదాంట్లో తూచాడు. ఆమె గ్రాముల లెక్కను తులాల్లోకి మార్చి కాగితం మీద చూపించింది. పోగంత తేడా లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆమెకు మా మామ పూచీకత్తు. రెండో రోజుకే వాడలో అందరూ ఆమెను "తరాజమ్మ" అనడం మొదలుపెట్టారు.

మొదటి రోజు తెల్లటి అన్నం, కోడి కూర, గారెలు. తరాజమ్మ బియ్యం తూచింది, ఉల్లిగడ్డలు తూచి మళ్ళీ వాటి పొట్టు తూచింది, నూనె గిన్నెను పోసేముందూ పోసినాకా తూచింది. రెండో రోజు పులగం, పెసరపప్పు, పాయసం. మా మామ విస్తరి ముందు కూర్చుని, "ఈ బిడ్డ ఏడు దినాలే ఎందుకుండాలె, ఏడు నెలలు ఉండుమను" అన్నాడు. నా పెనిమిటి తలవంచుకుని మూడోసారి వడ్డించుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం తరాజమ్మ పెట్టె సర్దుకుంటూ మా అత్తతో చాలా మెల్లగా అంది: "అమ్మా, గారెలు అమృతంలా ఉన్నట్టున్నాయి, వాసనకే తెలిసింది. కానీ నేను మీ పండుగ రాసుకుని పోతే నాకేం లాభం? పైవాళ్ళు చూసి 'ఈ ఊరికి ఏ సాయమూ అక్కర్లేదు' అంటారు. రేపు మీరు రోజూ తినేదే వండండి."

మా అత్త ముఖం కొంచెం ఎర్రబడింది. పైగా బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. మూడో రోజు పొద్దున నూలు మూటల వెనక నుంచి జొన్నలు బయటికి వచ్చాయి. బస్తా మీది గొంగడి తీస్తుంటే తరాజమ్మ కావాలనే, మా మామ నూలు లెక్కకు గోడ మీద గీసుకున్న బొగ్గు గీతల వైపు చూస్తూ కూర్చుంది. ఆ మర్యాదకు మా అత్త ఆమెను సగం క్షమించింది.

ఇక మా అసలు తిండి మొదలైంది. పొద్దున మగవాళ్ళకు సద్ది, మధ్యాహ్నం జొన్న గట్క, కందిపప్పు చారో పచ్చిపులుసో, రాత్రికి రొట్టె, మిరప తొక్కు. తరాజమ్మ ప్రతి మనిషి పళ్ళెం ముందు తూచేది, మిగిలినది తర్వాత తూచేది. పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో గడి. మా మామ గడి, నా పెనిమిటి గడి, మరిది గడి చకచకా నిండిపోయాయి.

"మీరెప్పుడు తింటారమ్మా?" అని మా అత్తను అడిగింది.

"నేను ఎన్క తింట. నువ్వు పో బిడ్డా, ఎండైతాంది."

"పర్లేదండీ. మీరు తిన్నాకే పోతాను."

మా అత్త గిన్నెలు తోమింది. పెరట్లో నీళ్ళు చల్లింది. కండెలు చుట్టింది. మా పాపను ఆడించింది. ఆమె ఇక పోతుందేమోనని గడప దాకా వచ్చి చూసేది. తరాజమ్మ గోడకు ఆనుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉండేది. ఇద్దరిలో ఎవరు మొండివాళ్ళో చెప్పడం కష్టం. ఎండ గడప దాటి లోపలికి వచ్చాక మా అత్తే ఓడిపోయింది. కుండ అడుగున గీకిన గట్క పిడికెడు, తొక్కు కొంచెం, చెంబెడు నీళ్ళు. పప్పు గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉంది.

తరాజమ్మ ఆ పిడికెడు తూచింది. మళ్ళీ తూచింది. రాసుకుంది.

మగ్గం చప్పుడు ఆగింది. మా మామ అటు నుంచే మెడ సాచి చూస్తున్నాడు. "గంతేనా నువ్వు తినేది?" అన్నాడు.

"నాకు ఆకలి ఉండదు. నీకెర్క లేదా?"

"వండుకుంట తింటవనుకున్న."

"వండుకుంట ఉప్పు సూస్త."

తరాజమ్మ వెంటనే పుస్తకం తీసి, "ఉప్పు చూడటం కూడా తూచాలి కదండీ" అంది. మరుసటి రోజు నిజంగానే తూచింది. మా అత్త అరచేతిలో వేసుకున్న చారు చుక్కలన్నీ కలిపితే ఒక చెంచాకు తక్కువే వచ్చింది. ముప్పై ఏండ్లుగా ఇంట్లో అందరూ వంట మనిషికి వంటలోనే కడుపు నిండుతుందని నమ్ముతూ వచ్చారు, కోడలిగా వచ్చి నేనూ నమ్మాను. ఆ నమ్మకం బరువు చెంచా కంటే తక్కువ.

నా గడి కూడా మా అత్త గడి కంటే పెద్దగా గొప్పది కాదు. పైగా బాలింత పథ్యం పేరు మీద వాడకట్టులో ప్రతి ఆడమనిషీ నాకొక్కటి మాన్పించింది. పక్కింటామె పప్పు వద్దంది, పాపకు కడుపునొప్పట. ఎదురింటామె వంకాయ వద్దంది. మా చిన్నత్త చల్ల వద్దంది, జలుబట. ఆకుకూర ఎవరు వద్దన్నారో గుర్తు లేదు గానీ అదీ మానేశాను. ఇన్ని మానేశాక నాకు మిగిలింది గట్క, ఎల్లిపాయ కారం. లేచి నిలబడితే కళ్ళ ముందు మిణుగురులు తిరిగేవి. రాట్నం ముందు కూర్చుని నిద్రపోయేదాన్ని. "ఈ కాలపు పిల్లలు గింతే, పని అంటె నిద్రొస్తది" అనేది మా అత్త.

నాలుగో రోజు మా అత్త పెరట్లోకి పోయినప్పుడు తరాజమ్మ నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది: "ఏమమ్మా, నీకు మట్టి తినాలనిపిస్తుందా?"

నా ప్రాణం పోయినంత పనైంది. నా చీర కొంగుకు ఎప్పుడూ ఒక ముడి ఉండేది. ముడిలో బలపం ముక్కలు. పలక మీద రాసుకునే బలపం. రోజుకు రెండు మూడు ముక్కలు ఎవరూ చూడకుండా కొరికి తినేదాన్ని. నా పెనిమిటికి తెలియదు, మా అమ్మకు తెలియదు. నాకేదో పిచ్చి పట్టిందని, ఎవరికైనా తెలిస్తే పుట్టింటికి పంపేస్తారని భయం.

"మీకెట్ల తెల్సింది?" అన్నాను, ఏడుపు గొంతుతో.

"నీ గోళ్ళు చూశాను. నీ కంటి రెప్ప లోపలి రంగు చూశాను. నాకు ఇలాంటివాళ్ళు చాలామంది కనిపిస్తారమ్మా. ఇది పిచ్చి కాదు, చెడ్డ అలవాటూ కాదు. నీ ఒంట్లో రక్తం తక్కువైంది, ఇనుము లేదు. ఒళ్ళు దానికోసం వెతుక్కుంటోంది, పాపం తప్పు చోట వెతుకుతోంది."

ఆ ఒక్క మాటతో నా మీది నుంచి దిగిన బరువును ఏ తరాజూ తూచలేదు. మొత్తం వాడలో ఇంతమంది నాకు సలహా చెప్పారు. నువ్వేం తింటున్నావని, నీకేమవుతోందని నన్ను అడిగింది ఈమె ఒక్కతే.

ఏడో రోజు సాయంత్రం ఫలితం చెబుతానంది. మా మామ తల దువ్వుకుని వచ్చి ముందర కూర్చున్నాడు. మంచిగా తినేవాళ్ళకు ఏదో మెచ్చుకోలు ఉంటుందని ఆయన ఆశ.

"బాబాయిగారూ, మీ కడుపులో మంట ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆమె.

"నీకెవరు చెప్పిండ్రు?"

"అన్నం ముందు సోడా పొడి వేసుకోవడం చూశాను. రోజుకు ఎన్ని టీలు తాగుతారు?"

"రెండు. మా అంటె మూడు."

నా పెనిమిటి పైకప్పు వైపు చూశాడు. మరిది దగ్గాడు. మా అత్త మాత్రం ఏ మొహమాటం లేకుండా, "తొమ్మిది" అంది. "పొద్దుగాల సద్ది గూడ ముట్టకుంట మూడు తాగుతడు. ఓటల్ల కూసున్నోళ్ళకు పాపం ఒక్కలకే తాగబుద్ధి కాదని తోడుకు తాగుతడు."

తరాజమ్మ మా మామను కసరలేదు, టీ మానెయ్యమనలేదు. ఖాళీ కడుపులో టీ, దాని మీద మిరప తొక్కు, దాని మీద గంటల తరబడి మగ్గం మీద వంగి కూర్చోవడం, మంట రాక ఏమవుతుందని అడిగింది. పొద్దున లేవగానే జొన్న అంబలి తాగి మగ్గం ఎక్కమంది. టీ రెండుకు తగ్గించమంది.

"ఆరు" అన్నాడు మా మామ.

"రెండండీ."

"అయిదు. ఇగ గంతకన్న నాతోని కాదు."

చీరల బేరంలో కూడా ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. చివరికి మూడు దగ్గర తెగింది. మూడో టీ మాత్రం అంబలి తాగిన తర్వాతేనని ఆమె, అది పెద్ద గిలాసలోనని ఈయన.

తర్వాత నా వంతు. "ఆకుకూరలు రోజూ తినాలమ్మా. ఇక్కడ గోంగూర దొరుకుతుందా?" అంది.

మా అత్త తల అడ్డంగా ఊపింది. "గసుంటియి మా దిక్కు యాడ దొరుకుతయి బిడ్డా. అవన్ని మీ దిక్కు."

ఆ మాట అంటున్నప్పుడు మా అత్త పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక మోకాలెత్తున పుంటికూర మడి. తరాజమ్మ లేచి వెళ్ళి ఒక ఆకు తెంపుకుని వచ్చింది.

"మరి ఇదేమిటండీ?"

"పుంటికూర."

"మేం దీన్నే గోంగూర అంటాం."

"ఎందుకు?" అంది మా అత్త. తరాజమ్మ తన పుస్తకం తెరిచి, వారం నుంచి మమ్మల్ని అడుగుతూ వచ్చినవన్నీ మళ్ళీ అడిగింది. సొరకాయ అంటే మా ఆనిగెపుకాయ. మజ్జిగ అంటే మా చల్ల. రాగులు అంటే తైదలు. వేరుశనగలు అంటే పల్లీలు. మా దగ్గర లేవని రాసుకున్నవి సగం మా ఇంట్లోనే ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే కొట్టివేస్తూ నవ్వింది. "పై ఆఫీసులో ఎవరూ నాకు ఇది చెప్పలేదమ్మా. మీరే నాకు పాఠం చెప్పాలి" అంది. మా అత్త అప్పటికప్పుడు పంతులమ్మ అయిపోయి, పొన్నగంటి, తోటకూర, మునగాకు ఒక్కొక్కటి తెంపి చూపించి పేర్లు రాయించింది.

నాకు ఆమె చెప్పిన తిండిలో అంగడి నుంచి తేవాల్సింది ఏదీ లేదు. రోజూ ఏదో ఒక ఆకుకూర, పప్పులో వేసి. మీద నిమ్మకాయ పిండుకోవాలి. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి దంచిన ముద్ద ఒకటి. పప్పు, చల్ల మానొద్దు. కానీ నా విషయంలో తిండి ఒక్కటే చాలదని కూడా ఆమే చెప్పింది. చీటీ రాసిచ్చి సర్కారు దవాఖానకు పంపింది. అక్కడి డాక్టరు రెప్ప కిందికి లాగి చూసి, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని నా పెనిమిటిని కోప్పడి, గోలీలిచ్చాడు. పాపకు తల్లిపాలతో పాటు తైద జావ, మెత్తగా మెదిపిన పప్పు మొదలుపెట్టమంది తరాజమ్మ. "పండ్లన్న రాలె ఇంక, ఏం నములుతది?" అంది మా అత్త. "నమలనవసరం లేకుండా వండే చెయ్యి ఇంట్లో ఉంది కదండీ" అంది తరాజమ్మ.

అసలు చిక్కు మా అత్త గడి దగ్గర వచ్చింది. తరాజమ్మ పుస్తకం తిప్పి అందరికీ చూపించింది. "ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసేది ఈమె. అందరికంటే తక్కువ తినేది ఈమె. అప్పుడప్పుడు ఈమెకొచ్చే తల తిప్పుడు, మీరంతా అంటున్నట్టు గాలి సోకడం వల్ల కాదు" అంది. ఇంటిల్లిపాదీ ఒక పూటైనా కలిసి కూర్చుని తినమంది.

మా అత్త లేచి లోపలికి పోయింది. "నా వంటల తప్పు పట్టనీకి వచ్చింది" అని పొయ్యితో చెప్పింది, మాకందరికీ వినబడేట్టు. కోడలు మామ ముందర కూర్చుని తినడమేంటి, మగవాళ్ళ పక్కన ఆడది విస్తరి వేసుకోవడమేంటి? తరాజమ్మ పోయిన తర్వాత కూడా ఆ కోపం పది రోజులుంది. నాకు ఆకుకూర వండిపెట్టేది, పాపకు జావ కాచేది, మా మామ అంబలి తాగిందాకా టీకి పోనిచ్చేది కాదు. తాను మాత్రం కుండ అడుగే గీక్కునేది.

పదకొండో రోజో పన్నెండో రోజో, గట్క దించుతుండగా మా అత్తకు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. నేను పట్టుకుని కూర్చోబెట్టాను. మా మామ నీళ్ళు తెచ్చాడు. ఆయన ఇంట్లో నీళ్ళు ముంచడం నేను చూడడం అదే మొదటిసారి. "ఆ బిడ్డ తరాజు తప్పు చెప్పలే. నేను సూసిన గద" అన్నాడు.

మరునాడు మా అత్త మగవాళ్ళను తిండికి పిలవకముందే, ఒక చిన్న మట్టి గురిగి కడిగి తెచ్చింది. అందులో రెండు గంటెల పప్పు, రెండు ముద్దల గట్క, కూర తీసి పెట్టి మూత పెట్టింది. "ఇది మనిద్దరిది. ఇగ పిలువు ఆళ్ళను" అంది నాతో. అందరం కలిసి కూర్చోవడం ఆమెకు కుదరలేదు. కానీ ముందు పంచి, తర్వాత పిలవడం ఆమె సొంత ఉపాయం. తరాజమ్మ కూడా చెప్పలేకపోయిన ఉపాయం.

ఒకసారి మా మామకు పప్పు చాలలేదు. ఆ గురిగి మూత ఎత్తబోయాడు.

"ముట్టకు. అది సర్కారోళ్ళది" అంది మా అత్త.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సర్కారు వచ్చి మా గింజలు గుంజుకుపోతుందని భయపడ్డ ఆయనే, సర్కారు పేరు చెప్పగానే మాకు రెండు గంటెల పప్పు వదిలేశాడు.

నెల దాటాక తరాజమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మనుషులను తూచాలంది. నూలు బేళ్ళు తూచే పెద్ద తరాజు మా వాడలోనే ఉండేది. తూకానికి కూర్చుంటే దిష్టి తగులుతుందని ఆడవాళ్ళెవరూ కదల్లేదు. తరాజమ్మ చెప్పులు విడిచి, తానే ముందు ఎక్కి కూర్చుంది. అవతలి పళ్ళెంలో రాళ్ళు పెడుతున్న మా మామ, "ఇంతేనా?" అని రెండు రాళ్ళు తీసేశాడు.

మా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బిడ్డా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"టీ తాగానండీ."

"నిన్న రాత్రి?"

"బంగళాలో వంట మనిషి లేడు. బిస్కెట్లు..."

"నిన్న పొద్దుగాల?"

తరాజమ్మ తల దించుకుంది. వాడ మొత్తం నవ్వింది. లెక్క చెడిపోతుందని ఆ ఏడు రోజులూ ఆమె మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. మా అత్త రోజూ అడిగేది, ఆమె రోజూ దండం పెట్టేది. "ఇయ్యాల లెక్క లేదు గద, కూసో" అని మా అత్త చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. గట్క, పుంటికూర పప్పు, పల్లీల పొడి, చల్ల. తరాజమ్మ మొదటి ముద్దకు కొంచెం తడబడింది, గట్క గొంతులో జారించడం ఆమెకు చేతకాలేదు. రెండోసారి తానే అడిగి వేయించుకుంది. మా అత్త ఎదురుగా కూర్చుని, తనకోసం తీసిపెట్టుకున్న గురిగి మూత తెరిచి, తానూ తిన్నది. మా ఇంట్లో మా అత్త నలుగురి ముందు తినడం ఆ రోజే చూశాను.

తర్వాత కూడా ఆమె ఏడాది పాటు వస్తూ పోతూ ఉంది. వచ్చిన ప్రతిసారీ కొత్తగా అడిగేది, ముందు చెప్పినదాంట్లో కుదరనిది మార్చేది. వర్షాలు లేక ఆకుకూరలు దొరకని రోజుల కోసం ముందే ఆకు ఎండబెట్టి పొడి చేసి ఉంచుకోమంది. మొదట్లో నువ్వుల ముద్ద నాకు అరగకపోతే, తక్కువ తక్కువగా రెండుసార్లు తినమంది. నా బలపం ముక్కలు ఎప్పుడు మానేశానో నాకే తెలియలేదు. ఒకరోజు మూలన పడేసిన పాత చీర తీస్తే కొంగుకు ముడి కనిపించింది. విప్పితే అందులో తెల్లటి పొడి. అప్పటికి నెలలైంది దాని ఊసు ఎత్తి. మా మామకు మంట తగ్గింది, ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకు ఇంకో రెండేండ్లు పట్టింది. అప్పుడు కూడా అది మందు గుణమే అన్నాడు. ఏ మందు అని అడిగితే చెప్పలేదు.

ఆ తర్వాత ఆమెకు బదిలీ అయింది. మహబూబ్‌నగర్ జిల్లాకు అన్నారు, జడ్చర్ల దగ్గరి ఊళ్ళకు. పోయే రోజు మా అత్త నువ్వుల ముద్దలు ఒక డబ్బా నిండా కట్టి ఇచ్చింది. రోజుకు ఎన్ని తినాలో కూడా చెప్పింది. తరాజమ్మ బుద్ధిగా తల ఊపింది.

మూడేండ్లకు నాకు రెండో కానుపు అయింది. కొడుకు. కానుపు చేసిన దాయి ఎత్తి చూపిస్తే, "బరువున్నడు" అన్నది మా అత్త. మూడో రోజు పక్కింటామె, ఎదురింటామె, మా చిన్నత్త అందరూ చూడటానికి వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. మా అత్త లోపలి నుంచి పళ్ళెం తెచ్చింది. అన్నం, ముద్దపప్పు, తోటకూర, పక్కన గిన్నెలో చల్ల.

"బాలెంతకు పప్పా? మూడో దినమేనా?" అంది పక్కింటామె గుండె మీద చెయ్యి వేసుకుని. "పసిపిల్లగానికి కడుపునొస్తది."

మా అత్త పళ్ళెం నా ఒళ్ళో పెట్టి, మంచం పట్టె మీద కూర్చుంది. పక్కింటామెను పైకీ కిందికీ చూసింది.

"నీ కోడలు నిన్న పొద్దుగాల ఏం తిన్నది, చెప్పు" అంది.

పక్కింటామె మా చిన్నత్త వైపు చూసింది.

"తెల్వదు గద? పోయి అడిగి రా. ఎన్క మాట్లాడుదాం."

పక్కింటామె నిజంగానే లేచి పోయింది. కోపంతో పోయిందనుకున్నాను. కొంచెంసేపటికి తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చి, మా అత్త ముందర కూర్చోబెట్టింది. ఆ పిల్లకు ఐదో నెల. మా అత్త ఆమె చెయ్యి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, గోళ్ళు చూడటం మొదలుపెట్టింది. నేను పప్పు కలుపుకుని తిన్నాను.